లండన్ చూసేశాక ఏ ఊరు? ఇంగ్లండ్‌లో ఏటి ఒడ్డు సంత ఊళ్లు, వాటిలో ఎంపిక

వాలింగ్‌ఫర్డ్ వంతెన మధ్యలో ఆగి, రాతి పిట్టగోడ మీద చేతులానించి నాన్నగారు కిందికి చూశారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా వైపు తిరిగి, "ఇదేనా థేమ్సు? మన పెద్దకాలువ ఇంతకంటే వెడల్పుగా ఉంటుంది కదరా" అన్నారు.

గౌతమి ఒడ్డున పుట్టి, కోనసీమ బళ్లలో సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన్ని తప్పుపట్టలేం. రాజమండ్రి దగ్గర గోదావరి మీది రోడ్డు-కమ్-రైలు వంతెన నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ఈ వాలింగ్‌ఫర్డ్ వంతెన ఆ చివరి నుంచి ఈ చివరికి 270 మీటర్లు. అందులోనూ నీళ్ల మీద ఉన్నది కొద్ది కమానులే, మిగతాదంతా పచ్చిక మీద. చలికాలంలో ఏరు పొంగితే ఆ పచ్చికంతా మునుగుతుందని అంత పొడవు కట్టారు.

ఇక్కడ స్థిరపడ్డ మనవాళ్లకి ఏటా వచ్చే ప్రశ్నే ఇది. వేసవిలో అమ్మానాన్నలు వస్తారు. మొదటి రెండు శనివారాలు లండన్‌కి పోతాయి, మూడోది విండ్సర్‌కో స్టోన్‌హెంజ్‌కో పోతుంది. నాలుగో శనివారం ఎక్కడికి? "ఏటి ఒడ్డున పాత ఊరేదైనా చెప్పు, మరీ జనం ఉండకూడదు, నాన్నకి మోకాళ్లు నొప్పి" అని మా వాట్సాప్ గ్రూపులో అడుగుతూనే ఉంటారు. అడిగినవాళ్లందరికీ ఒకటే ఊరు చెబితే సగం మంది తిట్టుకుంటారు. కారుందా, రైల్లోనా? వెంట వచ్చేది పెద్దవాళ్లా, పిల్లలా? రాత్రి ఉంటారా, సాయంత్రానికి ఇంటికొచ్చెయ్యాలా? ఈ మూడూ తెలియకుండా నేను ఊరు పేరు చెప్పను.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఇంగ్లండ్‌లో 'మార్కెట్ టౌన్' అంటే మన లెక్కలో సంత ఊరు. మన దగ్గర రావులపాలెంలో అరటిగెలలకీ, అంబాజీపేటలో కొబ్బరికీ ఊరు ఎలా పెరిగిందో, ఇక్కడా అలాగే. తేడా ఏమిటంటే, మధ్యయుగాల్లో ఇక్కడ సంత పెట్టుకోవాలంటే రాజుగారి అనుమతి పత్రం కావాలి. దాన్ని చార్టర్ అంటారు. ఏరు దాటడానికి వీలైన చోట రేవు, ఆ రేవు మీద వంతెన, వంతెన దిగగానే సంత చౌరస్తా, పక్కనే చర్చి, ఎదురుగా గుర్రబ్బళ్లు ఆగే పాత సత్రం. దాదాపు ప్రతి ఊరి నక్షా ఇదే. అందుకే ఒకే సెలవుల్లో ఇలాంటివి నాలుగైదు చూడకండి, మూడోదానికల్లా అన్నీ ఒకేలా కనిపిస్తాయి. రెండు చాలు, కానీ ఆ రెండూ ఒకదానికొకటి పోలిక లేనివై ఉండాలి.

రైలు మీద ఆధారపడితే హెన్లీ

లండన్ నుంచి కారు లేకుండా వెళ్లేవాళ్లకి థేమ్స్ ఒడ్డు ఊళ్లలో హెన్లీయే సులువు. ట్వైఫర్డ్‌లో దిగి చిన్న బ్రాంచ్ లైను రైలెక్కితే పావుగంటలోపే హెన్లీ. స్టేషన్ బయట నుంచి ఏటి ఒడ్డు ఐదు నిమిషాల నడక, అదంతా చదును నేల. ఎలిజబెత్ లైను ట్వైఫర్డ్ మీదుగా పోతుంది కాబట్టి తూర్పు లండన్‌లో ఉన్న మనవాళ్లకి కూడా పెద్ద ఇబ్బంది ఉండదు.

హెన్లీ అందమైన ఊరే. ఐదు కమానుల వంతెన 1786 నాటిది. దాని మధ్య కమాను మీద రెండు వైపులా రెండు రాతి ముఖాలు ఉంటాయి, ఒకటి థేమ్స్, రెండోది ఐసిస్ (ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్‌కే ఉన్న ఇంకో పేరు). చెక్కింది ఆన్ డేమర్ అనే మహిళా శిల్పి. వంతెన మీద నుంచి ఇవి కనిపించవు, పడవెక్కాలి, లేదా ఒడ్డున కాస్త పక్కకి నడవాలి. గంటకింతని అద్దెకిచ్చే చిన్న మోటారు పడవలు ఇక్కడ బాగా దొరుకుతాయి, నడపడానికి లైసెన్సు అక్కర్లేదు, ఐదు నిమిషాలు చూపించి వదిలేస్తారు. మా పదేళ్ల పిల్లాడు చుక్కాని పట్టుకున్నాక ఇక వదల్లేదు. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే మిగతా పోలికలన్నీ పక్కన పెట్టి హెన్లీకే వెళ్లండి.

ఇక్కడ ఏరు వంకర లేకుండా చాలా దూరం నిటారుగా సాగుతుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థుల మొట్టమొదటి పడవ పందెం 1829లో జరిగింది ఇక్కడే. 1839 నుంచి హెన్లీ రెగాటా అనే పడవ పందాలు జరుగుతున్నాయి. జూన్ చివర్లోనో జులై మొదట్లోనో ఆ ఆరు రోజులూ ఊరు ఊరుగా ఉండదు. ఏటి ఒడ్డున ఒక ఆవరణలోకి సభ్యులకీ వాళ్ల అతిథులకీ తప్ప ప్రవేశం లేదు. మగాళ్లు కోటూ టై కట్టుకోవాలి, ఆడవాళ్ల గౌను మోకాలు దాటి ఉండాలి. ఆడవాళ్లని ప్యాంటుతో రానిచ్చింది 2021లో! పందాలు చూడాలని సరదా ఉంటే అవతలి ఒడ్డున నడకదారి మీద దుప్పటి పరుచుకుని ఊరికే చూడొచ్చు. ఆ సరదా లేకపోతే ఆ వారం హెన్లీ పేరెత్తకండి. రైళ్లలో నిలబడే చోటుండదు.

జులై మూడో వారంలో మాత్రం వీలైతే వెళ్లండి. రాజుగారి పేరు మీద హంసల్ని లెక్కపెట్టే 'స్వాన్ అప్పింగ్' పడవలు ఆ వారంలో సన్‌బరీ నుంచి ఆబింగ్‌డన్ దాకా ఎదురు ప్రవాహంలో పోతూ హెన్లీ మీదుగా వెళ్తాయి. ఎర్ర చొక్కాల పడవవాళ్లు కూన హంసల్ని ఒడుపుగా పట్టుకుని, తూచి, కొలిచి, మళ్లీ నీళ్లలో వదులుతారు.

పాత గైడు పుస్తకాలు చూసి వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. హెన్లీలో అన్నిటికంటే ముందు రాసే రివర్ అండ్ రోయింగ్ మ్యూజియం 2025 సెప్టెంబరులో మూతపడింది. అంటే వాన పడితే తలదాచుకోవడానికి కాఫీ షాపులే గతి, ఆ కాఫీ షాపుల ధరలు లండన్ ధరలే. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ 1970లో కొనుక్కున్న ఫ్రయర్ పార్క్ బంగళా ఉన్నదీ ఈ ఊళ్లోనే. సితార్ నేర్చుకుని, కృష్ణ భక్తుడై, కీర్తనల రికార్డులు చేయించిన మనిషి కదా అని చాలామంది వెతుక్కుంటూ వెళ్తారు. లోపలికి రానివ్వరు, గేటు చూసి రావడమే.

నా ఓటు వాలింగ్‌ఫర్డ్‌కి, కానీ కారుంటేనే

హెన్లీకి కారులో అరగంట దూరంలో వాలింగ్‌ఫర్డ్. దీనికి మామూలు రైల్వే స్టేషన్ లేదు. దగ్గరి స్టేషన్ చోల్సీ, అక్కడి నుంచి మూడు మైళ్లకి కాస్త అటూ ఇటూ. రీడింగ్‌కీ ఆక్స్‌ఫర్డ్‌కీ మధ్య తిరిగే బస్సు ఊళ్లోంచే పోతుంది కానీ, పెద్దవాళ్లతో బస్సు కోసం నిలబడటం వేరే కథ. ఈ ఒక్క ఇబ్బంది వల్లే ఊరు ఇంకా ఊరిలా ఉంది. టూరిస్టు బస్సులు రావు, సెల్ఫీల గోల లేదు, టీ కొట్టులో అటు కూర్చున్న ముసలమ్మ ఆ ఊరి ముసలమ్మే.

చరిత్ర మాత్రం ఒక జిల్లాకి సరిపడా ఉంది. తొమ్మిదో శతాబ్దంలో వైకింగుల దాడులకి ఆల్ఫ్రెడ్ రాజు కట్టించిన కోట ఊళ్లలో ఇదొకటి. అప్పటి మట్టి కట్ట ఇప్పటికీ కిన్‌క్రాఫ్ట్ అనే మైదానం చుట్టూ కనబడుతుంది. పిల్లలు దాని మీద నుంచి జారుతూ ఆడుకుంటారు, వెయ్యేళ్ల పైబడిన గోడ అని బోర్డు పెట్టి తాడు కట్టెయ్యలేదు. 1066లో నార్మండీ నుంచి దండెత్తి వచ్చిన విలియమ్‌కి లండన్ దగ్గర ఏరు దాటడం కుదరకపోతే ఇంత దూరం చుట్టి తిరిగొచ్చి ఇక్కడే థేమ్స్ దాటాడు. 1142 చలికాలంలో, సింహాసనం కోసం పోరాడుతూ ఆక్స్‌ఫర్డ్ కోట ముట్టడిలో చిక్కుకున్న మటిల్డా రాణి మంచులో కనబడకుండా తెల్లబట్టలు కప్పుకుని గడ్డకట్టిన ఏటి మీదుగా తప్పించుకుని చేరింది ఈ వాలింగ్‌ఫర్డ్ కోటకే. ఆమె కొడుకు రెండో హెన్రీ రాజయ్యాక, కష్టకాలంలో తమ పక్షాన నిలబడ్డ ఊరికి 1155లో చార్టర్ ఇచ్చాడు. శుక్రవారం సంత ఇప్పటికీ ఊరి నడిబొడ్డున జరుగుతుంది. 1670 నాటి టౌన్ హాలు రాతి స్తంభాల మీద నిలబడి ఉంటుంది, కింద నీడ, పైన సభ జరిపే గది.

కోట మాత్రం ఆశించి వెళ్లకండి. రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో, 1646లో రాజు పక్షాన 65 రోజులు ముట్టడికి తట్టుకుంది, అదే దాని ప్రాణం మీదకి తెచ్చింది. మళ్లీ ఎవరికీ పనికి రాకూడదని 1652లో కూల్చేశారు. ఇప్పుడు మిగిలింది పచ్చిక గుట్టలూ రెండు మూడు మొండిగోడలూ. విండ్సర్ చూసొచ్చిన కళ్లకి ఇది కోటలా కనిపించదు. కానీ మేం పులిహోర డబ్బా తెరిచింది ఆ గోడ నీడలోనే. టికెట్ లేదు, గేటు మూసే టైమైందని తరిమేవాళ్లు లేరు. అమ్మ చెప్పులు విడిచి గడ్డి మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. విండ్సర్‌లో మాకు దొరకని సుఖం అది.

ఊళ్లో ఇంకో ఇద్దరు పెద్దమనుషులున్నారు. మన సినిమాల్లో కోర్టు సీను రాగానే వినబడే డైలాగు, "వంద మంది దోషులు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదు" అని. దాన్ని న్యాయశాస్త్రంలో స్థిరపరిచిన విలియమ్ బ్లాక్‌స్టోన్ ఈ ఊరివాడు. ఆయన అన్నది పదిమంది అనే, మనవాళ్లు వందకి పెంచారు. ఏటి పక్కన సన్నటి జాలీ శిఖరంతో కనిపించే సెయింట్ పీటర్స్ చర్చిలో ఆయన సమాధి ఉంది. రెండోవారు డిటెక్టివ్ నవలల అగాథా క్రిస్టీ. 1934లో ఊరి చివర వింటర్‌బ్రూక్‌లో ఇల్లు కొనుక్కుని, 1976లో పోయేదాకా ఉన్నారు. కిన్‌క్రాఫ్ట్ దగ్గర బెంచీ మీద ఆవిడ కంచు విగ్రహం 2023లో పెట్టారు. పక్కన చోటుంది, కూర్చుని ఫొటో దిగొచ్చు. సమాధి చోల్సీ చర్చి ఆవరణలో.

వాలింగ్‌ఫర్డ్‌కి నేను ఓటెయ్యడానికి అసలు కారణం ఊళ్లో లేదు, ఊరి బయట చిల్టర్న్ గుట్టల మీద ఉంది. హెన్లీకీ వాలింగ్‌ఫర్డ్‌కీ మధ్య స్టోక్ రో అని ఒక పల్లె. రోడ్డు పక్కన ఉన్నట్టుండి ఎర్రటి ఇనుప స్తంభాలు, పైన గుమ్మటం, గుమ్మటం కింద బంగారు రంగు ఏనుగు. ఇంగ్లండ్ పల్లెటూరి మధ్యలో మన దేవుడి రథమేదో దారి తప్పి ఆగినట్టుంటుంది. అది కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్ తవ్వించి ఇచ్చిన బావి.

ఆ గుట్టల మీద సుద్దరాయి నేల, వాన నీరు నిలవదు. ఆ ప్రాంతం నుంచి వచ్చి కాశీ వైపు అధికారిగా చేసిన ఎడ్వర్డ్ రీడ్ అనే ఆయన తన ఊళ్ల నీటి కటకట గురించి రాజుగారికి చెప్పాడట. ఇంట్లో మిగిలిన నాలుగు చుక్కల నీళ్లూ తాగేశాడని ఒక పిల్లాణ్ణి తల్లి కొట్టిన సంగతి అందులో ఒకటని చెప్పుకుంటారు. రాజుగారు ఆ మాట మర్చిపోలేదు. డబ్బు పంపించారు. లోతు 368 అడుగులు, వెడల్పు నాలుగే అడుగులు, అంతా మనుషులు చేత్తో తవ్వింది. 1864లో ప్రారంభమైంది. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి ఎత్తు 365 అడుగులని గుర్తుంచుకుంటే, ఆ లోతు ఎంతో తెలుస్తుంది. తోడే యంత్రం వాలింగ్‌ఫర్డ్‌లోని ఇనుప ఫౌండ్రీలో పోతపోశారు. పక్కనే చెర్రీ తోట వేయించి, ఆ పళ్ల డబ్బుతో బావి బాగోగులు చూసుకోమన్నారు.

నాన్నగారు అక్కడ చాలాసేపు ఉన్నారు. గిలక చక్రం పళ్లు లెక్కపెట్టారు, జాలీలోంచి లోపలికి తొంగి చూశారు. "వాళ్లు మన దగ్గర్నుంచి పట్టుకెళ్లినవి పిల్లలకి ముప్పై ఏళ్లు చెప్పాను. మనం ఇచ్చింది ఇది ఒకటుందని ఏ పాఠంలోనూ లేదురా" అన్నారు.

స్ట్రాట్‌ఫర్డ్ గురించి క్లుప్తంగా

షేక్స్‌పియర్ ఊరు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది! పిల్లలు హైస్కూల్లో ఆ నాటకాలు చదువుతుంటే తప్పదు, వెళ్లండి. బర్మింగ్‌హామ్ వైపు ఉన్నవాళ్లకి గంటలోపు రైలు, లండన్ నుంచి మాత్రం రానూ పోనూ రోజు సరిపోతుంది. ఊరంతా చదునుగా ఉంటుంది, వీల్‌చెయిర్‌కి కూడా ఇబ్బంది లేదు. కానీ ఆయన పుట్టిన ఇల్లున్న హెన్లీ స్ట్రీట్ వేసవి శనివారం మన కోటిలా ఉంటుంది. ఆయన పేరున్న ఇళ్లకి టికెట్లు విడివిడిగా కొంటే నలుగురి కుటుంబానికి బాగా చేతి చమురు వదులుతుంది. ఒక్కటే చూడాలంటే పుట్టిన ఇల్లు చాలు, తోటలో రవీంద్రనాథ్ ఠాగూర్ విగ్రహం కూడా ఉంటుంది. షేక్స్‌పియర్ సమాధి ఉన్న హోలీ ట్రినిటీ చర్చి ఊరి చివర ఏవన్ ఏటి పక్కనే. తన ఎముకలు కదిపినవాడికి శాపం పెడుతూ సమాధి రాయి మీద నాలుగు లైన్లు ఉంటాయి, పిల్లలకి అవి చదివి వినిపిస్తే నాటకాల కంటే బాగా గుర్తుంటాయి.

నాకు ఈ ఊళ్లో నచ్చినవి రెండు. ఒకటి, 1937 నుంచి నడుస్తున్న గొలుసు బల్లకట్టు: మనిషి చేత్తో చక్రం తిప్పుతుంటే నీళ్లడుగున గొలుసు పట్టుకుని అటు ఒడ్డుకి పోతుంది. రెండోది సంత. రోథర్ స్ట్రీట్‌లో జరుగుతుంది. రోథర్ అంటే పాత ఇంగ్లీషులో పశువులు. అంటే మన పశువుల సంత వీధే! ఇక్కడ సంతకి అనుమతి 1196లో వచ్చింది, షేక్స్‌పియర్ పుట్టడానికి మూడున్నర శతాబ్దాల ముందు. ఆయన లేకపోయినా ఈ ఊరు ఉండేది, ఇంత ఖరీదుగా మాత్రం ఉండేది కాదు.

ఒక రాత్రి ఉండగలిగితే ష్రూస్‌బరీ

మొదట పేరు సంగతి. ష్రూస్‌బరీ అనాలా, ష్రోస్‌బరీ అనాలా అని ఆ ఊరివాళ్లే తేల్చుకోలేదు. మీరెలా అన్నా సరిదిద్దేవాళ్లు ఒకరుంటారు.

బర్మింగ్‌హామ్ నుంచి గంట రైలు. లండన్ నుంచి మధ్యలో మారాలి, అందుకే ఒక్కరోజులో వెళ్లి రావడం మంచిది కాదంటాను. రైలు దిగేచోటే తమాషా మొదలవుతుంది. ప్లాట్‌ఫారాల చివర కింద సెవెర్న్ నది పారుతూ ఉంటుంది, స్టేషన్‌కి చోటు చాలక వంతెన మీదకి పొడిగించారు. ఆ నది ఊరిని చుట్టుకుని గుర్రపునాడాలా వంపు తిరుగుతుంది. నీళ్లు లేని వైపు సన్నటి మెడలాంటి నేల, సరిగ్గా అక్కడ ఎర్రరాతి కోట. ఊళ్లోకి రావాలంటే ఇంగ్లీష్ బ్రిడ్జి, వేల్స్ వైపు పోవాలంటే వెల్ష్ బ్రిడ్జి, పేర్లు చూస్తేనే ఎవరు ఎవరికి భయపడ్డారో అర్థమవుతుంది. వసంతం నుంచి శరదృతువు దాకా తిరిగే టూరు పడవ ఆ వంపు వెంట ముప్పావు గంట తిప్పుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఊరు చూపించడానికి అదే మంచి దారి. ఎందుకంటే ఇది పైన చెప్పిన మూడు ఊళ్లలా చదును కాదు. వైల్ కాప్ అనే వీధి ఎక్కేసరికి అమ్మ మూడుసార్లు ఆగింది.

వీధుల పేర్లే ఒక వినోదం: డాగ్‌పోల్, మార్డోల్, మురివాన్స్. పెద్ద వీధుల మధ్య మనిషి వెడల్పు సందులుంటాయి, వాటిని ఇక్కడ షట్స్ అంటారు. నలుపు తెలుపు చెక్క ఇళ్లు పై అంతస్తులు ముందుకు వంగి ఒకదాన్నొకటి తాకుతాయేమో అన్నట్టుంటాయి. చట్టం రక్షణలో ఉన్న పాత కట్టడాలు 660 పైచిలుకు. 1965లో కట్టిన కాంక్రీటు మార్కెట్ హాలు మాత్రం చూడ్డానికి మన ఆర్టీసీ కాంప్లెక్సులా ఉంటుంది, లోపలికి వెళ్తే అదే ఊళ్లో అన్నిటికంటే హుషారైన చోటు. దేశానికి ఇష్టమైన మార్కెట్‌గా ఒకటికంటే ఎక్కువసార్లు గెలిచింది. పిల్లలకి చూపించడానికి డార్విన్ ఉన్నాడు. 1809లో పుట్టింది ఇక్కడే, చదివిన బడి ఇప్పుడు లైబ్రరీ, ముందు ఆయన కుర్చీలో కూర్చున్న విగ్రహం. ఇంజినీర్లకి 1797 నాటి ఫ్లాక్స్ మిల్లు ఉంది. ప్రపంచంలో మొట్టమొదట ఇనుప చట్రంతో కట్టిన భవనం, ఆకాశహర్మ్యాలకి తాత అంటారు.

మన తెలుగువాడు ఆగాల్సిన చోటు మాత్రం ది స్క్వేర్. 1596 నాటి పాత మార్కెట్ హాలు ముందు 1860లో నిలబెట్టిన కంచు విగ్రహం: రాబర్ట్ క్లైవ్. ఈ ఊరికి 1762లో మేయరు, 1761 నుంచి చనిపోయేదాకా పార్లమెంటు సభ్యుడు. 2020లో దీన్ని తీసెయ్యాలని గట్టి గొడవే జరిగింది. చివరికి కౌన్సిల్ ఉంచాలనే నిర్ణయించింది.

క్లైవ్ అనగానే మనకి ప్లాసీ, బెంగాల్ గుర్తొస్తాయి. నాన్నగారు ఆ విగ్రహం కిందే నిలబడి మా పిల్లలకి మిగతా పాఠం చెప్పారు. 1758లో బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని సైన్యంతో పంపింది ఈయనే. విజయనగరం రాజు ఆనంద గజపతితో కలిసి ఆ సైన్యం పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లని ఓడించింది. మరుసటి ఏడు మచిలీపట్నం కోట పడిపోయింది. 1765లో మొగలు చక్రవర్తి దగ్గర ఉత్తర సర్కారులకి ఫర్మానా సంపాదించిందీ ఈయనే. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి... అంటే మా తాతల ఊళ్లు కంపెనీ చేతికి వెళ్లడం అక్కడ మొదలైంది. మా పిల్లాడు విగ్రహాన్నీ తాతనీ మార్చి మార్చి చూసి, "అయితే ఈయన మన ఊరొచ్చాడా?" అన్నాడు. "రాలేదురా. రాకుండానే పట్టుకుపోయాడు" అన్నారు నాన్నగారు.

హెన్లీ, స్ట్రాట్‌ఫర్డ్ చూసి బాగుంది అనుకుని ఇంటికొస్తాం. ష్రూస్‌బరీ నుంచి వచ్చాక మా ఇంట్లో వారం రోజులు మాటలు నడిచాయి. ఒక రాత్రి హోటలు ఖర్చు భరించగలిగితే, అందులోనూ ఇంట్లో చరిత్ర మీద ఆసక్తి ఉన్న పెద్దాయన ఉంటే, స్ట్రాట్‌ఫర్డ్ మానేసి అయినా ఇక్కడికే తీసుకెళ్లండి.

ట్యూక్స్‌బరీ, ఆబింగ్‌డన్ కూడా చాలామంది అడుగుతారు. ట్యూక్స్‌బరీలో ఏవన్, సెవెర్న్ నదులు కలుస్తాయి, 1471లో పెద్ద యుద్ధం జరిగింది, గొప్ప చర్చి ఉంది. 2007 జులై వరదల్లో ఆ చర్చి చుట్టూ నీళ్లతో దీవిలా నిలిచిన ఫొటో మీరు చూసే ఉంటారు. చర్చి కోసమైతే వెళ్లొచ్చు. ఆబింగ్‌డన్ ఆక్స్‌ఫర్డ్‌కి వెళ్తూ రెండు గంటలు ఆగడానికి బాగుంటుంది, దాని కోసమే బయల్దేరక్కర్లేదు.

ఎప్పుడు, ఎలా, ఏం తింటారు

మే నుంచి సెప్టెంబరు మధ్య దాకా. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది, డిసెంబరులో నాలుగింటికే చీకటి, పైగా పడవలు తిరగవు. సెవెర్న్ చలికాలంలో పొంగడం మామూలే, ష్రూస్‌బరీకి నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లాలనుకుంటే వరద హెచ్చరికలు చూసుకునే హోటల్ బుక్ చెయ్యండి.

ఆదివారం వద్దు. మేం మొదటిసారి వాలింగ్‌ఫర్డ్‌కి ఆదివారమే వెళ్లాం. సంత చౌరస్తాలో పావురాలూ మేమూ తప్ప ఎవరూ లేరు. చిన్న ఊళ్లలో మ్యూజియాలు వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, అవీ చలికాలంలో మూసేస్తారు. సంత చూడాలంటే ఆ ఊరి సంత రోజుకే వెళ్లాలి. వాలింగ్‌ఫర్డ్‌కి శుక్రవారం సెలవు పెట్టడం నా దృష్టిలో దండగ కాదు.

రైలైతే, అరవై దాటిన అమ్మానాన్నలకి సీనియర్ రైల్‌కార్డ్ తీసుకోండి. విజిట్ వీసా మీద వచ్చినవాళ్లూ పాస్‌పోర్టు చూపించి కొనుక్కోవచ్చు, టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. రెండు మూడు ప్రయాణాలకే కార్డు డబ్బులు వచ్చేస్తాయి. కారైతే, పార్కింగ్ మెషీన్ దగ్గర కంగారు పడకండి. ఒక ఊళ్లో నేను కారు నంబర్లో సున్నా బదులు ఓ అక్షరం నొక్కాను. డబ్బు కట్టాను, చీటీ కూడా వచ్చింది. రెండు వారాలకి ఇంటికి 60 పౌండ్ల జరిమానా. చీటీ ఫొటో పంపి, నెల రోజులు ఉత్తరాలు రాస్తే గానీ వదల్లేదు. చీటీ పారెయ్యకండి.

తిండి సంగతి: శాకాహారులకి కాల్చిన బంగాళాదుంప మీద చీజ్, బీన్స్ ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. అవి తిని మా అమ్మ "ఉప్పూ కారం వెయ్యడం మర్చిపోయారా?" అంది. టీ గురించి ఆవిడ అన్న మాట 'కుడితి'. జామ్, మీగడ రాసుకుని తినే స్కోన్ మాత్రం రెండోది అడిగి తింది. మొత్తానికి పులిహోర, దద్దోజనం డబ్బాల్లో పెట్టుకుని ఏటి ఒడ్డున కూర్చోవడమే ఉత్తమం. ఒక్క జాగ్రత్త, హెన్లీ, స్ట్రాట్‌ఫర్డ్ ఒడ్డున హంసలకి భయమూ మొహమాటమూ రెండూ లేవు. అప్పడం లాక్కుపోతాయి.

గోదావరి జిల్లాల వాళ్లకి ఇంకొకటి

ఇది పోలికలో ఇమిడే ఊరు కాదు, అందుకే చివర్లో పెట్టాను. లండన్‌కి దక్షిణంగా గంట రైలు దూరంలో డోర్కింగ్. ఇదీ పాత సంత ఊరే, వెస్ట్ స్ట్రీట్‌లో పాత సామాన్ల దుకాణాలు, ఐదు వేళ్ల కాళ్లున్న డోర్కింగ్ కోడిపుంజు పెద్ద విగ్రహం. ఊరి అంచున మోల్ అనే ఏరు, థేమ్స్‌నే కాలువన్న నాన్నగారి లెక్కలో ఇది బోదె. బాక్స్ హిల్ కొండ కింద ఆ ఏరు దాటడానికి రాళ్లు వరసగా పేర్చి ఉంటాయి. యుద్ధకాలంలో తీసేసిన రాళ్లని మళ్లీ వేయించాక 1946లో ప్రారంభించింది ప్రధాని అట్లీ. మన స్వాతంత్ర్యం నాటి అట్లీయే. వాన పడ్డ మర్నాడు ఆ రాళ్లు మునుగుతాయి, పక్కనే కాలిబాట వంతెన ఉంది.

సర్ ఆర్థర్ కాటన్ ఈ ఊళ్లోనే చివరిరోజులు గడిపి 1899లో, 96 ఏళ్ల వయసులో పోయారు. ఊరి శ్మశానవాటికలో సమాధి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ నీళ్లు పారకపోతే మా ఊరే లేదు. కాటన్ దొరని భగీరథుడంటూ తలుచుకుని గోదావరిలో మునిగే జనం మేం.

అక్కడ నాన్నగారు పాఠం చెప్పలేదు. రుమాలు తీసి, సీసాలోని నీళ్లతో తడిపి, రాయి మీద పట్టిన నాచు కొంచెం తుడిచారు.

వెళ్లాలనుకుంటే ఒక్క సంగతి. డోర్కింగ్ పేరుతో మూడు స్టేషన్లున్నాయి. వాటర్లూ నుంచి గానీ విక్టోరియా నుంచి గానీ ఎక్కితే ఉత్త 'డోర్కింగ్' దగ్గర దిగాలి. రాళ్ల దగ్గరికైతే దానికి ముందు స్టేషన్, బాక్స్ హిల్ అండ్ వెస్ట్‌హంబుల్.